గాలి సూది

పంపు జనవరిలో వచ్చింది.
సూది రాలేదు.
పంపు ఆస్లో వాళ్ల పద్దు.
సూది "వినియోగ సామగ్రి" కిందకొస్తుందట,
అది లిలాంగ్వే వాళ్ల పద్దు.
బంతులు మాత్రం బర్మింగ్‌హామ్ నుంచి,
ఒక్కోదాని మీదా మూడు ముద్రలు, మూడు రంగుల్లో,
పిల్లలు చేతులు పెట్టుకునే చోటు మిగల్చకుండా.

మలావీ సరస్సు ఒడ్డున, ఉసిపా చేపలు ఎండే బల్లల పక్కన
మా నెట్‌బాల్ కోర్టు.
పొయ్యి బూడిదతో గీతలు గీస్తాను,
గాలి చెరిపేస్తుంది, మళ్లీ గీస్తాను.
నివేదికలో దీన్ని "మౌలిక వసతుల నిర్వహణ" అనాలి.
నా పేరు జియోనే. కోచ్‌ని.
వాళ్ల కాగితాల్లో మాత్రం "స్థానిక భాగస్వామి, సంఖ్య నాలుగు."

ఒప్పందం రోజు స్కూలు రేకుల షెడ్డులో
అందరూ సంతకాలు చేశారు,
పక్క ఊరి కమిటీ పెద్ద కూడా, తన సొంత పెన్నుతో.
అప్పుడే వాన అందుకుంది.
రేకుల మీద ఆ మోతకి
ఎవరి ఉపన్యాసమూ ఎవరికీ వినపడలేదు.
పెదవులు ఆగినప్పుడల్లా చప్పట్లు కొట్టాం.
వాన వెలిసేదాకా
మూడు సంస్థలూ ఒకే మాట మీద ఉన్నాయి.

మూడు నెలలకోసారి మూడు ఫారాలు.
బర్మింగ్‌హామ్‌కి ఫొటోలు కావాలి, నవ్వుతూ, ముద్ర కనపడేట్టు.
లిలాంగ్వేకి తలల లెక్క చాలు.
ఆస్లోకి అమ్మాయిల ఆత్మవిశ్వాసం కావాలి,
ఒకటి నుంచి ఐదు దాకా.
నీకెంతుందే అని తివోంగేని అడిగితే
"బంతి చేతిలో ఉన్నప్పుడా, లేనప్పుడా?" అంది.
గడిలో అంత చోటు లేదు. మూడు వేశాను.

మార్చి నాటికి ఆరు బంతుల్లో నాలుగు
ఉడికిన దుంపల్లా మెత్తబడ్డాయి.
మూడు చోట్లకీ ఉత్తరం రాశాను.
మూడు చోట్ల నుంచీ మర్యాదగా ఒకటే జవాబు:
మీ విన్నపాన్ని మిగతా ఇద్దరికీ పంపాం.

ఆస్పత్రి నర్సు ఎనెలేసి
ఇంజెక్షన్ సూది ఒకటి మరిగించి, మొన విరిచి ఇచ్చింది.
సైకిళ్లు బాగుచేసే మాలిసేని దాన్ని పంపుకి అతికాడు.
బంతి ఊపిరి పీల్చుకుంది.
వీళ్లిద్దరి పేర్లూ ఏ భాగస్వామ్య పట్టికలోనూ లేవు.

ఇక్కడిదాకా చెబితే అందరూ నవ్వుతారు.
నేనూ నవ్వేదాన్ని.

ఏప్రిల్లో, పక్క ఊళ్లో టోర్నమెంటు ముగిసేసరికి చీకటి పడింది.
మేం రావలసిన లారీ చెడింది.
ఆ కమిటీ పెద్ద, తెల్ల పికప్ ఉన్నాయన,
"ముందు సీట్లో ఒక్కదానికి చోటుంది,
తివోంగేని నేను దించుతాలే" అన్నాడు.
ఆయన మీద మాటలున్నాయి. ఎవరూ పైకి అనరు.
కరువులో ఆయనిచ్చిన మొక్కజొన్న
అందరి కడుపుల్లోనూ ఉంది.

నా సంచిలో నలభై పేజీల విధాన పత్రం.
ఇన్నాళ్లూ దాంతో చేపల మీది ఈగలు తోలాను.
ఏడో నిబంధన తీసి, టార్చి వేసి
ముందు ఇంగ్లీషులో చదివాను, తర్వాత చిచేవాలో:
పెద్దలెవరూ ఆటగత్తెను ఒంటరిగా బండి ఎక్కించుకోరాదు.
"ఈ మాట నాది కాదయ్యా, ఆస్లోది.
సంతకం మాత్రం మీది. ఇదిగో, చివరి పేజీ, ఆకుపచ్చ సిరా."

ఆయన ఆ సంతకాన్ని చాలాసేపు చూశాడు,
ఎవరిదో అన్నట్టు.

తొమ్మిది కిలోమీటర్లు నడిచాం, పద్నాలుగు మందిమి.
బంతి అందినవాళ్లు అడుగు ముందుకెయ్యకుండా
పక్కనున్నవాళ్లకి విసురుతూ,
ఆ చీకట్లో కూడా ఆట నియమం తప్పకుండా.
మధ్యలో ఎవరో బంతిని గుంటలో పడేశారు.
వెతకడానికి పావుగంట పట్టింది, నవ్వడానికి ఇంకో పావుగంట.

ఈ నడకకి ఏ ఫారంలోనూ గడి లేదు.
"రవాణా ఖర్చు" దగ్గర సున్నా రాశాను.
కింద, ఇతర అవసరాల్లో,
సూది సంగతి మళ్లీ అడిగాను.